కంటికి ఆనని పొర

జనగామ బస్టాండు ఎదురుగా ఉన్న హరి రేడియం దుకాణం నాదే. బండి నంబరు ప్లేటు, లారీ వెనక దేవుడి బొమ్మ, పెళ్లి కారు మీద పేర్లు, ఫోను మీద గాజు పొర, ఏది అంటించాలన్నా జనం నా దగ్గరికే వస్తారు. పదిహేడేళ్లలో నా చేతి కింద ఒక్క బుడగ మిగల్లేదు. ఈ మాట అడిగినవాళ్లకీ చెబుతాను, అడగనివాళ్లకీ చెబుతాను. "నీ దుకాణం ఇంత, నీ గొప్పలు గంత" అని మా ఆవిడ అనిత వేళాకోళం చేస్తుంది. చేయనీ. కానీ పోయిన ఎండాకాలం నా నోరు దానంతటదే మూతపడింది. అదీ ఒకసారి కాదు.

మొదలైంది మా అమ్మ కాలితో. మేం లంబాడీలం, అమ్మను యాడి అంటాం. మా యాడి పేరు గంగి. మహబూబాబాద్ అవతల తండాలో బాపుతో కలిసి రెండెకరాల మిర్చి పండిస్తుంది. మార్చి నెలాఖరులో బాపు ఫోను చేసి, "దవాఖాన్ల ఉన్నం, జర రా" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. దొరికిన బస్సెక్కి పోయాను.

యాడి మంచం మీద కూర్చుని బిస్కట్ తింటోంది. కుడి పాదం కింద అరచేతి వెడల్పు పొక్కు పగిలి ఎర్రగా ఉంది. నేను చూపు తిప్పుకున్నాను గానీ ఆమెకు చీమ కుట్టినట్టు కూడా లేదు.

"ఎక్కడ కాలింది యాడీ?" అన్నాను మా భాషలో.

"నాకేమెరుక? కాలినట్టు ఎరుకైతే కాలు తియ్యకపోదునా?"

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ పోయిందట. "ఈసారి మానుతది. మళ్లీ గిట్ల కాలి, చూసుకోక పుండు ముదిరితే పాదం తీసెయ్యాల్సొస్తది. ఆమె కాలు ఆమెకు చెప్పది. ఇంకెవలన్న చెప్పాలె" అంది.

ఆ చివరి మాట నన్ను పట్టుకుంది. ఎవరు చెప్పాలి? బాపుకు చూపు ఆనదు. నేను జనగామలో ఉంటాను. యాడినేమో ఒక చోట కూర్చోబెట్టడం ఎవరి వల్లా కాదు. "నా కాలుకేమైంది? నడుస్తలేనా?" అని అందరినీ గదమాయిస్తుంది. తారు రోడ్డు మీద అరిగిన చెప్పులతో నడిచి కాల్చుకుంటోందని నాకు నేనే తేల్చుకుని, మందపాటి కొత్త చెప్పులు కొనిచ్చి వచ్చేశాను. మనసు మాత్రం కుదుటపడలేదు.

ఏప్రిల్ మొదటి వారంలో దుకాణానికి ఒక అమ్మాయి వచ్చింది. ఫోను చూపించి, "రెండు దుకాణాలల్ల వేయిస్తే రెండుసార్లూ బుడగలొచ్చినయన్నా" అంది. నేను కొత్త పొర తీసి, వెనక కాగితాన్ని పైకి లాగకుండా వెనక్కి మడిచి, దాని మీద అదే పడుకునేలా నెమ్మదిగా జరిపాను. ఆమె ఫోను చూడలేదు, నా వేళ్లనే చూసింది. అయిపోయాక కూడా కదల్లేదు.

"గట్ల మడిచి ఎందుకు తీస్తరు?"

"పైకి గుంజితే పొర లేస్తది మేడం. మడిస్తే దానికి మనం తీసినట్టే ఎరుకుండదు."

"దీనికన్న పలుచనిది తియ్యగలవా అన్నా?"

"నువ్వు ఎంత పలుచనిది తెస్తే అంత" అన్నాను. పొగరు, మరేం కాదు.

ఆమె నవ్వింది. పేరు శ్రీలత. భూపాలపల్లి జిల్లా చిట్యాల దగ్గర పత్తి రైతుల ఇంటి పిల్ల. జనగామ చివరున్న కాలేజీలో పరిశోధన చేస్తోంది. తన దగ్గరున్న పొరలు రెండు లక్షలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఒక వెంట్రుక మందం అవుతుందని చెప్పింది. నేను ఆమె ముఖం చూశాను, పరాచికమాడుతోందేమోనని. కాదు. పెన్సిలు ములికిలో ఉండే పదార్థమేనట, ఒక్క వరుస అణువులు మాత్రమే ఉండేలా రాగి రేకు మీద పెంచుతారట. కరెంటు పారుతుందట, వంచితే విరగదట, వేడి తగిలితే ఆ కరెంటులో తేడా వచ్చి తెలిసిపోతుందట.

"వేడి తెలుస్తదా?" అన్నాను. నా చేతిలో కత్తెర ఆగిపోయింది.

"తెలుస్తది. కానీ రాగి మీది నుంచి తీసి మెత్తటి దాని మీద వేసేటప్పుడే చినిగిపోతున్నది. మూడు నెలల నుంచి గదే పరేషాన్."

మా యాడి కాలి సంగతి చెప్పాను. అంతా విని, "రేపు రా అన్నా" అంది.

మర్నాడు దుకాణం అనితకు అప్పజెప్పి పోయాను. ల్యాబంటే పెద్ద పెద్ద యంత్రాలుంటాయనుకున్నా. బల్ల మీద గాజు పళ్లెం, అందులో నీళ్లు. అంతే. రాగిని కరిగించేశామనీ, పొర నీళ్ల మీద తేలుతోందనీ చెప్పింది. చిరిగిపోకుండా దాని మీద కాస్తంత ప్లాస్టిక్ పూత మాత్రం ఉందట. నేను ఎంత చూసినా నీళ్లే. ఫోను గాజు మీద వెంట్రుకంత గీతను ఆమడ దూరం నుంచి పట్టేవాణ్ణి, నాకు ఏమీ కనబడలేదు.

"ఫ్యాన్ బంద్ చేస్తా. కూసొని, కిటికీ దిక్కు ఏటవాలుగ చూడు."

కూర్చున్నాను. గడ్డం బల్లకు ఆనించాను. వెలుతురు నీళ్ల మీద వాలిన చోట సన్నటి అంచు ఒకటి కనబడింది. రంగు ఉన్నట్టూ లేనట్టూ ఉంది. నేను ఊపిరి వదిలితే అది వణికింది. పదిహేడేళ్లు పొరలతోనే బతికినవాణ్ణి, పొర అంటే ఏమిటో ఆ రోజే చూశాననిపించింది. మళ్లీ ఊపిరి పీల్చడానికి కూడా భయపడ్డాను.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. కానీ నా బుద్ధి నాది కదా. మా పనిలో పెద్ద స్టిక్కరు అంటించాలంటే ముందు షాంపూ నీళ్లు కొడతాం. అప్పుడే పొర అటూ ఇటూ జరుగుతుంది, ముడత పడదు. శ్రీలత పట్టకారు కోసం అటు తిరిగింది. నా సంచిలో షాంపూ నీళ్ల సీసా ఉంది. సాయం చేద్దామని వేలి కొసతో ఒక్కటంటే ఒక్క చుక్క ఆ పళ్లెంలో వేశాను.

పొర ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు అవతలి అంచుకు పరుగెత్తింది. గాజుకు కొట్టుకుని, నలిగి, ముక్కలు ముక్కలైపోయింది. అప్పటిదాకా కంటికి ఆననిది పారిపోయేటప్పుడు మాత్రం పూర్తిగా కనబడింది.

శ్రీలత పట్టకారు పట్టుకుని నిలబడిపోయింది. "సబ్బు పడితే నీళ్ల పట్టు ఒక దిక్కు సడలుతది. ఇంకో దిక్కు గుంజుకపోతది" అని మెల్లగా అంది. తర్వాత, "ఎనిమిది రోజుల పని అన్నా అది."

నాకు తల కొట్టేసినట్టయింది. భూమి చీలితే బాగుండు, అందులో దూరేవాణ్ణి. తిడుతుందేమో, తిడితే నయమనుకున్నా. ఆమె తిట్టలేదు. పళ్లెం కడగడానికి తీసుకుపోతూ, "నిన్నటిదాకా అది ఉన్నదని నేను చెప్తే నమ్మినవ్. ఇప్పుడు చూసినవ్ గద" అంది.

ఆ మాటతో నేను ఆమెకు బాకీపడ్డట్టయింది. రోజూ పొద్దున దుకాణం తెరవక ముందు రెండు గంటలు అక్కడే ఉండేవాణ్ణి. షాంపూ సీసా ఇంట్లో పెట్టి పోయేవాణ్ణని వేరే చెప్పక్కర్లేదు. నోరు మూసుకుని ఆమె పని చూశాను. మెత్తటి ప్లాస్టిక్ రేకును నీళ్లలో ముంచి, పొర కిందకు తెచ్చి, పైకెత్తి, బోర్లించకుండా చదునుగా పెట్టి వెంటనే వేడి చేసేది. పొర కింద ఇరుక్కున్న నీళ్లకు పోయే దారి లేదు. అవి ఉబికి పొరను చింపుతున్నాయి. ఎండలో బండి ట్యాంకు మీద తొందరపడి అంటించిన స్టిక్కరు ఎలా ఉబ్బుతుందో నాకు తెలుసు.

"నీళ్లను తొందరపెట్టకు శ్రీలతా. గోడకు ఒరగదీసి పెట్టు. నీళ్లు పోయే తొవ్వ ఒక్క దిక్కే ఉండాలె. అవంతట అవి పోయినంక వేడి చూపియ్యి" అన్నాను.

"అట్ల కూడా చేసి చూసిన. గంట సేపు పెట్టిన."

"ఒక పూట పెట్టు."

పెట్టింది. మర్నాడు పొద్దున పొర రేకు మీద ఉంది, ఉన్నట్టే తెలియకుండా. రెండు తీగలు తగిలించి రేకును వేలికి చుట్టింది. కరెంటు ఆగలేదు. విప్పింది, మళ్లీ చుట్టింది. ఆగలేదు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నేనైతే, అనిత చెప్పినట్టు, ఆ రోజు దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ అదే కథ చెప్పానట.

పది రోజుల్లో యాడికి వేడి చెప్పే చెప్పుల జత తయారైంది. అట్ట లోపల ఆ రేకు, మడమ దగ్గర గుండీ అంత బ్యాటరీ, ఒక చిన్న బజరు. నేల బాగా వేడిగా ఉంటే కూస్తుంది. పొయ్యి మీది పెనం పక్కన పెట్టి చూశాం, కూసింది. శ్రీలతను వెంటబెట్టుకుని తండాకు బయల్దేరాను. దారి పొడుగునా ఆ చెప్పుల జత సంచిని ఒళ్లోంచి దించలేదు.

అప్పటికి యాడి కాలి పొక్కు మానింది. చెప్పులు తొడుక్కుని వాకిట్లో నడిచింది. ఎండపడ్డ రాయి మీద కాలు పెట్టగానే చెప్పు కుయ్యిమంది. చుట్టుపక్కల ఆడవాళ్లందరూ వచ్చారు. "గంగి చెప్పు మాట్లాడుతున్నది" అని ఒకటే నవ్వులు. యాడి కూడా నవ్వింది. నేను ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.

"పాండ్రి, కల్లం దిక్కు పోదాం. మిర్చి తిరగెయ్యాలె" అంది యాడి.

మా తండాలో మిర్చి ఆరబోసేది బండ మీద. ఊరవతల ఎకరమంత నల్లటి రాతి బండ ఉంటుంది, అందరి పంటా దాని మీదే. మధ్యాహ్నం రెండవుతోంది. బండ నిండా ఎర్రగా మిర్చి పరిచి ఉంది, ఘాటుకు శ్రీలత తుమ్ముతూనే ఉంది. బండ అంచుకు రాగానే యాడి చెప్పులు విడిచింది. జత చేసి పక్కన పెట్టింది. వట్టి కాళ్లతో బండ ఎక్కి, మిర్చిని పాదాలతో తిరగేస్తూ నడిచిపోయింది.

బజరు చెప్పుల్లో ఉంది. చెప్పులు నీడలో ఉన్నాయి. ఏ చప్పుడూ లేదు.

"అవ్వా, చెప్పులు!" అని శ్రీలత అరిచింది.

యాడి వెనక్కి తిరిగి వింతగా చూసింది. ఆమెతో తెలుగులోనే మాట్లాడింది. "పంట మీద చెప్పులతోని ఎవలన్న నడుస్తరా బిడ్డా? లచ్చిమి గద."

నాకు నోట మాట రాలేదు. ఆమె కాలు కాలింది తారు రోడ్డు మీద కాదు, ఇక్కడ. నేనూ చిన్నప్పుడు ఈ అంచునే చెప్పులు విడిచినవాణ్ణి. పదిహేడేళ్లు టౌన్లో కూర్చుని కల్లమే మర్చిపోయాను. చదువుకున్న పిల్లకు తెలియకపోతే ఒక అర్థముంది, నాకేమైంది? నా మీద నాకే అసహ్యం వేసింది. పరుగున పోయి యాడిని బండ మీది నుంచి దింపి, కాలు ఎత్తి చూశాను. ఎర్రబడింది, ఇంకా పొక్కలేదు.

"వద్దు యాడీ, ఈ యేడుకు కల్లం బంద్ చెయ్యి."

"మరి నువ్వొచ్చి తిరగేస్తవా?" అంది. నేను చెప్పులు తెచ్చి ఆమె కాళ్ల ముందు పెట్టాను.

తిరుగు బస్సులో శ్రీలత కాజీపేట దాటాక, "చెప్పుకు కాదన్నా, కాలికే వెయ్యాలె. తోలు మీదనే" అంది.

"తోలు మీద నిలుస్తదా?"

"అరికాలి గుంతల. అది నేలకు ఆనది, అరగది. నేల వేడి మాత్రం తగుల్తది. ఒక్కపూట నిలిస్తే చాలు." మళ్లీ తనే, "పొరలు మూడే ఉన్నయి. రాగి రేకులు మళ్లీ జూన్ దాక రావు" అంది.

చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో వచ్చే బొమ్మలుండేవి కదా, చేతి మీద పెట్టి తడిపితే కాగితం జారిపోయి బొమ్మ అంటుకునేది. అలాంటి కాగితం మీదకే పొరను ఎత్తింది శ్రీలత. అంటించడం నా వంతు. మొదటి పొర నా కాలికే వేసుకుని చూశాను. చక్కగా కూర్చుంది. లేచి అడుగు వేయగానే నిలువునా చీలింది. కాలు చాచి అంటించాను, వంగేసరికి తట్టుకోలేకపోయింది. రెండోది వేళ్లు పూర్తిగా ముడిచి అంటించాను. కాలు చాపగానే చీలి, తీగ దగ్గర తెగింది.

ఇక ఒక్కటే. కుడి కాలికి వేస్తాం, అది మోగితే రెండు కాళ్లూ తీస్తే సరి.

ఆ రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. దుకాణానికి ఒక లారీ వచ్చింది, వెనక వేలాడే రబ్బరు రేకుల మీద పేరు వేయాలి. ఆ రబ్బరు ఎప్పుడూ ఊగుతూ వంగుతూ ఉంటుంది. దాన్ని సగం వంచి పట్టుకుని అంటించడం నాకు అలవాటు, చెయ్యి దానంతటదే ఆ పని చేస్తోంది. చేస్తూ చేస్తూ ఆగిపోయాను. సగం. పూర్తిగా చాచీ కాదు, పూర్తిగా ముడిచీ కాదు. అటెంత పోతుందో ఇటూ అంతే పోతుంది. లారీ డ్రైవరు "ఏమైంది అన్నా, మతిపోయిందా" అని అడిగాడు. పోయిందనే చెప్పాను.

మే మొదటి వారం. చివరి కోత మిర్చి బండ మీద ఉంది. పొద్దున్నే తండాకు చేరాం. యాడి గుడిసె ముందు నులక మంచం మీద కూర్చుంది. కాలు ఇమ్మంటే వెనక్కి లాక్కుంది.

"కొడుకు నా అరికాలు పట్టుడేంది? నా కాలు బాగనే ఉన్నది."

"పచ్చబొట్టు వేస్త, రా యాడీ."

ఆమె చేతుల నిండా పచ్చబొట్లే. నా కంటే పెద్దవి, నా కంటే ముందు వచ్చినవి. వాటిని చూసుకుని, "పచ్చబొట్టు చచ్చినంక గూడ వెంబడి వస్తది. గిది వస్తదా?" అంది.

"ఇది పొద్దుగూకే దాకనే."

"గంత మాత్రానికి ఇంత దూరం వచ్చినవా?" అంది. కానీ శ్రీలత నేల మీద గొంతుక్కూర్చుని పట్టకారు పట్టుకుని ఎదురుచూస్తుంటే చూసి జాలిపడ్డదేమో, కాలు చాపింది.

కాలు కడిగి, తుడిచి, ఆరనిచ్చాను. పాత పొక్కు మానిన చోట చర్మం కొత్తగా, నున్నగా ఉంది. ఇన్నేళ్లలో మా అమ్మ అరికాలు నేను ఎప్పుడూ చూడలేదు. రేగడి చేను మాదిరి పగుళ్లు. బాపును మడమ కింద చెయ్యి పెట్టి పాదాన్ని సగం వంచి పట్టుకోమన్నాను. బాపు పట్టుకున్నాడు. కాగితాన్ని గుంత నడుమ తాకించి, అక్కడి నుంచి అంచులకు వదిలాను. తడి గుడ్డ అద్దాను. అరవై దాకా లెక్కపెట్టాను. తర్వాత కాగితాన్ని వెనక్కి మడిచి, దాని మీద అదే పడుకునేలా జరపడం మొదలుపెట్టాను.

కాగితం వచ్చేసింది. కాలు మీద ఏమీ లేదు. ఏటవాలుగా చూస్తే ఒక నిగనిగ, అంతే.

రెండు సన్నటి తీగలను శ్రీలత చీలమండ దాకా తెచ్చింది. యాడి కాలికి మువ్వల కడియం ఉంటుంది. పాత ఫోనులో వణికే బిళ్ల ఒకటి పక్క దుకాణం వాడిని అడిగి తెచ్చాను, దాన్నీ గుండీ బ్యాటరీనీ కడియానికి ఆనించి కట్టాం. వేడి తగిలితే బిళ్ల వణికి, మువ్వలు నడకకు మోగినట్టు కాక ఒక్క తీరుగా గలగలమంటాయి. కాలికి స్పర్శ లేకపోయినా చెవులు పనిచేస్తాయి కదా.

యాడి లేచింది. ఒక అడుగు, రెండడుగులు. శ్రీలత చేతిలోని మీటరు చూసి తల ఊపింది. తెగలేదు.

మధ్యాహ్నం బండ అంచున చెప్పులు విడిచి యాడి మిర్చిలోకి నడిచింది. నేను వెంట పోబోతే బాపు చెయ్యి పట్టి ఆపాడు. పది అడుగులు వేసింది. ఇరవై. ఇంకా ముందుకు పోయింది. నేను శ్రీలత వైపు చూశాను, ఆమె నా వైపు చూడలేదు. బండ నడుమ మిర్చి పలుచగా పరిచిన చోట, రాయి బయటపడ్డ చోట యాడి కాలు పెట్టింది.

కడియం మోగింది.

యాడి ఆగింది. చుట్టూ చూసింది, ఎవరో పిలిచారనుకుని. మళ్లీ మోగింది. అప్పుడు కిందకు చూసి, కాలు ఎత్తింది. కొంగ మాదిరి ఒంటికాలి మీద నిలబడి ఆ కాలి వైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత చకచకా నడిచి అంచుకు వచ్చేసి, నీడలో కూలబడింది.

"ఎన్నేండ్లాయెరా హరీ, నా కాలు నాతోని మాట్లాడక" అంది.

దవాఖానలో కూడా ఏడవని మనిషి ఆ బండ పక్కన కూర్చుని ఏడ్చింది. కాలు తనకు తెలియడం లేదన్న భయం దాచుకోవడానికే, బాగానే ఉందని ఇన్నాళ్లూ అందరినీ గదమాయించిందని నాకప్పుడు తెలిసింది. శ్రీలత వచ్చి ఆమె భుజం పట్టుకుంది. నేను మొహం అటు తిప్పుకున్నాను. మిర్చి ఘాటని చెప్పాను గానీ ఎవరూ నమ్మలేదు.

ఆ మధ్యాహ్నం కడియం ఎనిమిదిసార్లు మోగింది. ఎనిమిదిసార్లూ యాడి కాలు తీసింది.

పొద్దుగూకాక తీగలు విప్పి శ్రీలతకిచ్చి, ఇంట్లోకి పోయే ముందు ఎప్పటిలా కాళ్లు కడుక్కోబోయింది. "యాడీ, పోతది" అన్నాను. "పోనీ, పొద్దుగూకే దాకనే అన్నవ్ గద" అంది. అయితే ఆ రోజు వాకిట్లో నిలబడి కడుక్కోలేదు. తట్ట తెప్పించి, అందులో పాదం పెట్టి, నెమ్మదిగా రుద్దుకుంది. నీళ్లు మసకబారాయి. వంగి, తల పక్కకు వంచి, పడమటి వెలుతురు కేసి ఏటవాలుగా చూసింది. అలా చూడాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"అగో" అంది.

నేనూ వంగి చూశాను. నాకు మురికి నీళ్లే కనబడ్డాయి.

తట్టను రెండు చేతులతో ఎత్తుకుంది. "ఇటియ్యి, నేను పారబోస్త" అంటే ఇవ్వలేదు. "తొక్కుళ్లల్ల పోస్తవ్ నువ్వు" అంది. దడి దాటి, ఎవరూ నడవని చోట, విత్తనం కోసం విడిచిన మిర్చి మొక్కల మొదట్లో ఆ నీళ్లు పోసింది. పోసి, చెయ్యి కళ్లకద్దుకుంది.

తిరిగి వచ్చి మంచం మీద కూర్చుని, నేను అడగకుండానే కాలు నా ముందుకు చాపింది.

"రేపటిది ఎప్పుడు వేస్తవ్?"

పొరలు అయిపోయాయనీ, జూన్ దాకా రావనీ నేను చెప్పలేకపోయాను. శ్రీలత చెప్పింది. యాడి వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "జూన్ అంటే దగ్గర్నే ఉన్నది. అప్పటిదాక కల్లానికి పోను తియ్" అంది.

ఎవరు చెప్పినా వినని మా యాడి, తన కాలు చెప్పాక విన్నది.